ఒకేలా వినిపించే ఇంగ్లీషు మాటలు: తికమక ఎక్కడ పుడుతోంది?

"ప్లీజ్ ఎక్సెప్ట్ మై అపాలజీస్" అని ఒక మెయిల్ వెళ్తుంది. రాసినవారి ఉద్దేశం 'నా క్షమాపణలు స్వీకరించండి' అని. అక్షరాలు చెబుతున్నది మాత్రం 'నా క్షమాపణలు మినహాయించండి' అని. 'ఎ'తో మొదలై రెండు 'సి'లు ఉండాల్సిన చోట 'ఇ'తో మొదలై 'ఎక్స్' ఉన్న మాట పడింది. కంప్యూటర్ దాని కింద ఎర్రగీత గీయలేదు, ఎందుకంటే అదీ నిఘంటువులో ఉన్న మాటే. పంపినవారికి తప్పు కనబడలేదు. అందుకున్నవారికి మొదటి చూపులోనే కనబడింది.

ఇలాంటి తప్పు బయటపడగానే అందరూ చెప్పే సలహా ఒకటే: తరచూ తికమకపెట్టే జంటల పట్టిక దగ్గర పెట్టుకుని బట్టీ పట్టమని. పట్టికలకు కొదవ లేదు. చదువుతున్నంతసేపు అన్నీ తెలిసినట్టే ఉంటాయి. మర్నాడు రాయడానికి కూర్చుంటే మళ్లీ అదే తడబాటు. దీనికి కారణం బద్ధకం కాదు, తెలివి తక్కువై అసలే కాదు. ఆ పట్టికలు పది రకాల జబ్బులకు ఒకే మాత్ర ఇస్తున్నాయి. కొన్ని మాటలు చరిత్ర వల్ల ఒకే ఉచ్చారణకు వచ్చి చేరాయి. కొన్ని ఒకే మూలం నుంచి విడిపోయాయి. కొన్నింటి మధ్య తేడా స్పష్టంగా ఉన్నా మన చెవి దాన్ని పట్టుకోదు. ఏ జంట ఏ రకమో తెలిస్తే దాని విరుగుడు చాలాసార్లు అక్కడే దొరుకుతుంది.

ముందుగా, పలకడం ఒకటే అయి స్పెల్లింగు వేరైన మాటల సంగతి. సముద్రమూ 'సీ'యే, చూడడమూ 'సీ'యే. మాంసమూ 'మీట్', కలవడమూ 'మీట్'. తెలుగులో రాసింది రాసినట్టు చదువుతాం కాబట్టి ఒకే ధ్వనికి రెండు స్పెల్లింగులు ఎందుకో మనకు అంతుబట్టదు. ఇంగ్లీషువాళ్ల మొండితనంలా కనిపిస్తుంది. నిజానికి ఆ స్పెల్లింగులు ఒకప్పటి ఉచ్చారణకు దగ్గరగానే ఉండేవి.

సుమారు 1400 నుంచి 1700 దాకా ఇంగ్లీషులో దీర్ఘాచ్చులు ఒక్కొక్కటిగా స్థానాలు మారాయి. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ ఈ మార్పుకు గ్రేట్ వవెల్ షిఫ్ట్ అని పేరు పెట్టాడు. అంతకుముందు హౌస్‌ను 'హూస్' అనీ, నేమ్‌ను దాదాపు 'నామె' అనీ పలికేవారు. 'మీట్' జంటలో రెండు 'ఇ'లున్న మాట అప్పట్లో 'మేట్'లా వినిపించేది. 'ఇ' పక్కన 'ఎ' ఉన్న మాటను నోరు ఇంకాస్త తెరిచి, మరో రకం ఏకారంతో పలికేవారు. అంటే రెండు ధ్వనులకు రెండు రాతలు. అన్యాయం ఏమీ లేదు. విలియం కాక్స్టన్ 1476లో వెస్ట్‌మినిస్టర్‌లో అచ్చుయంత్రం పెట్టాక స్పెల్లింగులు మెల్లగా ఒక దారికి రావడం మొదలైంది. పలుకుబడి మాత్రం ఆగలేదు. శామ్యూల్ జాన్సన్ నిఘంటువు 1755లో వచ్చేసరికి రాత చాలావరకు గట్టిపడిపోయింది, నోటిమాట దాన్ని వదిలేసి ఎంతో దూరం వచ్చేసింది.

ఈ ప్రయాణంలో ఒక ముచ్చటైన విషయం ఉంది. 'ఇ', 'ఎ' పక్కపక్కన ఉన్న మాటల్లో ఎక్కువ భాగం చివరికి 'ఈ' ధ్వనికి చేరి, రెండు 'ఇ'ల మాటలతో కలిసిపోయాయి. మూడు మాత్రం దారిలోనే నిలిచిపోయాయి: గ్రేట్, బ్రేక్, స్టేక్. అవి ఏకారం దగ్గరే ఆగడంతో వేరే మాటలతో ఢీకొన్నాయి. విరగ్గొట్టడం అనే బ్రేక్, బండికి వేసే బ్రేక్ రెండూ ఒకేలా వినబడుతున్నాయంటే కారణం ఇదే. మాంసపు ముక్క అయిన స్టేక్‌దీ, పాతే గుంజ అయిన స్టేక్‌దీ అదే కథ. మీట్ జంట ఒక వైపు వెళ్లి కలిసింది, బ్రేక్ జంట ఇంకో వైపు వెళ్లి కలిసింది. రాత్రి అనే నైట్, గుర్రపు వీరుడు అనే నైట్ కూడా అంతే. రెండో మాట మొదట్లో ఉన్న 'కె'ను ఒకప్పుడు నిజంగానే పలికేవారు, మధ్యలోని 'జిహెచ్'కు కూడా గొంతులోంచి వచ్చే ఒక ధ్వని ఉండేది. ఆ ధ్వనులు పోయాయి, అక్షరాలు మిగిలాయి.

ఈ గుంపు విషయంలో చెవి ఏమాత్రం పనికిరాదు. కన్ను ఒక్కటే దిక్కు. ఇంగ్లీషే మాతృభాష అయినవారు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. 'అక్కడ' అనే దేర్, 'వాళ్లది' అనే దేర్, 'వాళ్లు ఉన్నారు' అని కుదించి చెప్పే దేర్, ఈ మూడింటినీ వాళ్లు చదవడం రాకముందే చెవితో నేర్చుకుంటారు. స్పెల్లింగు ఆ తర్వాత వస్తుంది. వేగంగా రాస్తున్నప్పుడు చెయ్యి ధ్వనిని అనుసరించి తప్పు రూపం రాసేస్తుంది. పుస్తకాల్లోంచి ఇంగ్లీషు నేర్చుకున్నవారు ఈ తప్పు తక్కువగా చేస్తారు, ఎందుకంటే వాళ్లకు మొదట పరిచయమైంది అక్షరాల రూపమే. ఇంగ్లీషులో తడబడితే చిన్నతనంగా భావించేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. పుట్టుకతో వచ్చిన భాషలో కూడా మనిషి తడబడతాడు, కాకపోతే వేరే చోట తడబడతాడు.

కుదింపు మాటల్లో అందరినీ వేధించేది 'ఇట్స్'. పైన కామా పెట్టినది 'ఇట్ ఈజ్'కు కుదింపు, పెట్టనిది 'దానిది' అనే అర్థం ఇస్తుంది. మనిషి పేరు చివర 'ది' అని చెప్పడానికి పైన కామా పెట్టి 'ఎస్' రాస్తాం కదా, మరి ఇక్కడ ఎందుకు పెట్టకూడదన్న సందేహం న్యాయమైనదే. నిజానికి ఒకప్పుడు పెట్టేవారు కూడా. 'దానిది' అనే అర్థంలో ఈ మాట వాడుకలోకి వచ్చిందే 16వ శతాబ్దం చివర్లో. అంతకుముందు వస్తువులకు కూడా 'హిజ్' అనేవారు. కొత్త మాటకు పైన కామా పెట్టి రాయడం ఆ తర్వాత దాదాపు రెండు శతాబ్దాల పాటు మామూలే. అది వద్దని స్థిరపడింది దాదాపు 1800 ప్రాంతంలో. సర్వనామాల వరస చూస్తే సంగతి తేలిపోతుంది: హిజ్, హర్స్, అవర్స్, యువర్స్, దేర్స్ అన్నీ 'ఫలానావారిది' అని చెప్పేవే, ఒక్కదానికీ పైన కామా లేదు. ఇట్స్ కూడా ఆ వరసలోదే.

రెండో గుంపు నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఒకే మాట రెండుగా చీలి, చీలిన ముక్కలు రెండు స్పెల్లింగులతో స్థిరపడడం. కదలకుండా ఉన్న స్టేషనరీకి 'ఎ', కాగితాలు, కలాల స్టేషనరీకి 'ఇ' అని బడిలో చెబుతారు. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో మాత్రం చెప్పరు. మధ్యయుగాల ఐరోపాలో పుస్తకాలు, కాగితాలు ఊరూరా తిరిగి అమ్మేవారు ఉండేవారు. విశ్వవిద్యాలయాల దగ్గర ఒకచోట స్థిరంగా కొట్టు పెట్టుకుని అమ్మేవారూ ఉండేవారు. ఆ స్థిరమైన కొట్టువాడిని లాటిన్‌లో స్టేషనేరియస్ అన్నారు. అదే ఇంగ్లీషులో స్టేషనర్ అయింది. లండన్‌లో ఈ వర్తకుల సంఘం 1403లో ఏర్పడింది, 1557లో దానికి రాజశాసనం దక్కింది. స్టేషనర్ అమ్మేది స్టేషనరీ. అమ్మేవాడి పేరు చివర 'ఇఆర్' ఉంది కాబట్టి అమ్మే సరుకులోనూ 'ఇ' వచ్చింది. ఇది తెలిశాక స్పెల్లింగును వేరుగా గుర్తుపెట్టుకోవాల్సిన పని ఉండదు.

పువ్వు అనే ఫ్లవర్, పిండి అనే ఫ్లోర్ కూడా ఒకే మాట. గోధుమను విసిరి జల్లించగా వచ్చే మేలైన భాగాన్ని ధాన్యపు పువ్వు అన్నారు. చాలాకాలం రెండింటినీ ఒకే స్పెల్లింగుతో రాసేవారు, 19వ శతాబ్దానికి గానీ విడివిడి రాతలు పూర్తిగా కుదరలేదు. లోహం అనే మెటల్‌కూ, మనిషిలోని సత్తువను చెప్పే మెటల్‌కూ ఇదే కథ. గుట్టుగా వ్యవహరించడం అనే డిస్క్రీట్, విడివిడిగా ఉండడం అనే డిస్క్రీట్ రెండూ 'వేరుచేయడం' అనే లాటిన్ మాట నుంచే వచ్చాయి. విడివిడి అని చెప్పే రూపంలో రెండు 'ఇ'ల మధ్య 'టి' నిలబడి వాటిని నిజంగానే వేరుచేస్తుంది. చిట్కాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు గానీ, ఇది మాత్రం అర్థాన్నే చూపిస్తోంది కాబట్టి పనికొస్తుంది.

ప్రిన్సిపల్ జంట ఇంకొంచెం చిక్కు పెడుతుంది. చివర 'పిఎఎల్' ఉన్నది ముఖ్యమైనది అని అర్థమిచ్చే మాట. బడికి పెద్దనూ, అప్పులో వడ్డీ కాకుండా ఉండే అసలునూ దాంతోనే చెబుతారు. 'పిఎల్ఇ' ఉన్నది సూత్రం, నియమం. ఇది ఎప్పుడూ నామవాచకమే. కాబట్టి వేరే మాటకు ముందు విశేషణంగా నిలబడిందంటే అది 'పిఎఎల్' రూపమే అని కళ్లు మూసుకుని రాసేయొచ్చు. కాంప్లిమెంట్ జంటలో పొగడ్తకు 'ఐ', లోటు భర్తీ చేసేదానికి 'ఇ'. 'కంప్లీట్' చేసేది కాబట్టి అందులోని 'ఇ'యే ఇక్కడా ఉంటుంది. ఇలాంటివాటిలో కంప్యూటర్ సాయం కూడా అంతంతమాత్రమే. రెండు సంస్థలు ఒకదాన్నొకటి పొగుడుకున్నాయని రాసినా, ఒకదాని లోటు ఒకటి తీర్చుకున్నాయని రాసినా వాక్యం వ్యాకరణపరంగా నిక్షేపంగా ఉంటుంది. ఏది రాయాలనుకున్నారో రాసినవారికే తెలియాలి.

ఇక తెలుగువారికి ప్రత్యేకమైన ఇబ్బంది. 'పోగొట్టుకోవడం' అని రాయబోయి 'వదులుగా ఉండడం' అని రాసేవారు లెక్కలేనంతమంది. ఒక 'ఓ' ఉన్నది పోగొట్టుకోవడం, రెండు 'ఓ'లు ఉన్నది వదులు. పట్టిక ఇంతవరకే చెబుతుంది. తికమక మొదలయ్యేది అంతకుముందే, ధ్వనిలో. వదులు అనే మాట ఇంగ్లీషులో 'లూస్', చివర శుద్ధమైన సకారం. మనం వాడుకలో 'చొక్కా లూజుగా ఉంది' అంటాం. పోగొట్టుకోవడం అనే మాట చివర ఉన్నది 'జెడ్' ధ్వని, దాన్నీ మనం జకారంతోనే పలుకుతాం. రెండూ మన నోట 'లూజ్' అయ్యాక ఏ స్పెల్లింగు ఎక్కడ పెట్టాలో చెయ్యికి మాత్రం ఎలా తెలుస్తుంది?

'జెడ్' ధ్వని తెలుగులో లేదు. దాన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. గొంతు మీద రెండు వేళ్లు ఆనించి 'స్స్స్' అని సాగదీస్తే వేళ్లకు ఏ కదలికా తగలదు. నాలుకను అక్కడే ఉంచి, అదే గాలికి గొంతు కలిపితే వేళ్ల కింద సన్నటి కంపం తెలుస్తుంది. అదే 'జెడ్'. మన 'జ'ను అలా సాగదీయలేం. నాలుక పైకి తగిలి విడిపోవడంతో ఆ ధ్వని అయిపోతుంది. సాగేది, సాగనిది అన్న ఈ ఒక్క తేడా పట్టుబడితే ఒక పెద్ద గుంపు మొత్తం దారికొస్తుంది.

ఎందుకంటే ఇంగ్లీషులో నామవాచకానికీ క్రియకూ మధ్య ఈ తేడా ఒక పద్ధతిగా నడుస్తుంది. సలహా అనే నామవాచకం 'అడ్వైస్', సలహా ఇవ్వడం అనే క్రియ చివర 'జెడ్' ధ్వని. పరికరం 'డివైస్', రూపొందించడంలో 'జెడ్'. ఊపిరి 'బ్రెత్', ఊపిరి తీయడం 'బ్రీద్'. నమ్మకం 'బిలీఫ్', నమ్మడం 'బిలీవ్'. నష్టం 'లాస్', పోగొట్టుకోవడంలో 'జెడ్'. నామవాచకంలో ధ్వని కటువుగా, క్రియలో మెత్తగా ఉంటుంది. పాత ఇంగ్లీషులో క్రియల చివర అచ్చుతో మొదలయ్యే ప్రత్యయం ఉండేది. రెండు అచ్చుల నడుమ పడిన స, ఫ, థ లాంటి ధ్వనులు మెత్తబడేవి. పరుషాలు సరళాలవడం మన వ్యాకరణంలో చదువుకున్నదే కాబట్టి ఇది కొత్తగా అనిపించదు. తర్వాత ఆ చివరి అచ్చు రాలిపోయింది, మెత్తదనం మిగిలిపోయింది. ఫ్రెంచి నుంచి వచ్చిన అడ్వైస్ లాంటి మాటలు కూడా ఆ వరసలోనే సర్దుకున్నాయి.

ప్రాక్టీస్, లైసెన్స్ జంటలకు తాళంచెవి ఇక్కడే ఉంది. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి 'సి', క్రియకు 'ఎస్'. పలకడంలో తేడా లేదు కాబట్టి విని చెప్పలేం. అక్కడ సలహా మాటను పెట్టి చూసుకుంటే సరిపోతుంది. కటువు రూపం కుదిరే చోట 'సి', మెత్తటి రూపం కుదిరే చోట 'ఎస్'. అమెరికన్లు ఈ పంచాయితీ పెట్టుకోలేదు. ప్రాక్టీస్‌ను ఎక్కడైనా 'సి'తో, లైసెన్స్‌ను ఎక్కడైనా 'ఎస్'తో రాస్తారు. ఒకే వ్యాసంలో రెండు పద్ధతులు కలపకుండా ఉంటే చాలు.

ధ్వనిలో మనకు అందని ఇంకో సంగతి ఊనిక. తెలుగులో మాటలోని ఏ అక్షరాన్ని నొక్కి పలికినా అర్థం మారదు. ఇంగ్లీషులో మారుతుంది. ఎడారి అనే మాటలో నొక్కు మొదటి అక్షరం మీద, భోజనం చివర తినే తీపి అనే మాటలో రెండో అక్షరం మీద. విడిచి పారిపోవడం అనే క్రియ స్పెల్లింగులో ఎడారిలా, ఉచ్చారణలో తీపిలా ఉంటుంది. సొంత విషయం అనే పర్సనల్‌లో నొక్కు మొదట, సిబ్బంది అనే పర్సనెల్‌లో చివర. పదిహేను, యాభై అనే అంకెల ఇంగ్లీషు పేర్ల మధ్య వినబడే తేడాలో కూడా ఎక్కువ పాలు నొక్కుదే. ఫోన్‌లో గరగర ఉంటే మాతృభాషీయులు కూడా పొరబడతారు. విమానాల రేడియో సంభాషణల్లో దీన్ని అదృష్టానికి వదలరు. అంకెలను విడివిడిగా, ఒకటి ఐదు, ఐదు సున్నా అన్నట్టు చెబుతారు. తొమ్మిదిని 'నైనర్' అని సాగదీయడం కూడా ఇంకో మాటలా వినబడకుండా ఉండడానికే.

నొక్కు లేని అక్షరానికి ఇంగ్లీషులో ఇంకో గతి పడుతుంది. దాని అచ్చు నీరసపడి 'అ'కూ 'ఎ'కూ మధ్య ఎక్కడో ఉండే ఒక పొట్టి ధ్వనిగా మారిపోతుంది. మొదట్లో చెప్పిన మెయిల్ తప్పుకు మూలం అదే. యాక్సెప్ట్, ఎక్సెప్ట్ అని తెలుగులో వేర్వేరుగా రాసుకుంటాం గానీ, నోటి వేగంలో వాటి మొదటి అచ్చులు రెండూ ఒకేలా అణగిపోతాయి. అఫెక్ట్, ఎఫెక్ట్ తికమకకూ కారణం అదే. మొదటిది క్రియ, రెండోది నామవాచకం అన్న సూత్రం చాలావరకు నిలబడుతుంది. నిలబడని చోట్లు రెండున్నాయి. ఎఫెక్ట్ క్రియగా వస్తే 'సాధించడం, జరిగేలా చేయడం' అని అర్థం. ఒక మార్పును అఫెక్ట్ చేయడమంటే జరుగుతున్న మార్పు మీద ప్రభావం చూపడం, ఎఫెక్ట్ చేయడమంటే ఆ మార్పునే తీసుకురావడం. మనస్తత్వశాస్త్రంలో అఫెక్ట్ నామవాచకంగా కూడా ఉంది, మొదటి అక్షరాన్ని నొక్కి పలుకుతారు, బయటికి కనిపించే భావోద్వేగం అని అర్థం. ఈ రెండూ తెలియకుండా సూత్రాన్ని మాత్రమే నమ్ముకున్నవారు, సరిగ్గా రాసినదాన్ని కూడా తప్పని దిద్దేస్తారు.

మెయిల్‌లో పొరపాటుకు పోయేది పరువు. వైద్యంలో ప్రాణమే పోవచ్చు. హైపర్ అంటే ఎక్కువ, హైపో అంటే తక్కువ, రెండూ గ్రీకు మాటలే. రక్తంలో చక్కెర బాగా పడిపోతే వెంటనే చక్కెర అందించాలి, మరీ పెరిగితే తగ్గించాలి. ఈ రెండు స్థితుల ఇంగ్లీషు పేర్ల మధ్య ఉన్న తేడా ఒకటి రెండు అక్షరాలే. తుంటి ఎముక భాగానికీ, చిన్నపేగు చివరి భాగానికీ ఉన్న పేర్లు రెండూ 'ఇలియమ్' అనే వినిపిస్తాయి, మధ్యలో ఒకదానికి 'ఐ', ఇంకోదానికి 'ఇ'. మింగడంలో ఇబ్బంది డిస్ఫేజియా అయితే, మాటలో ఇబ్బంది డిస్ఫేసియా. చేతిని శరీరం నుంచి దూరంగా జరపడం అబ్డక్షన్, దగ్గరకు తేవడం అడ్డక్షన్. ఈ చివరి జంట విషయంలో బోధించేవారు, వైద్యులు చాలామంది మొదటి రెండు అక్షరాలను 'ఎ బి డక్షన్', 'ఎ డి డక్షన్' అని విడదీసి పలుకుతారు. ఆ అలవాటును మెచ్చుకోవాలి. వినేవాడి చెవిని పరీక్షించడం కంటే చెప్పేవాడే కొంచెం శ్రమ తీసుకోవడం మంచిదని దాని అర్థం.

మందుల పేర్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ రెండూ క్యాన్సర్ మందులు, రెండూ బిళ్ళగన్నేరు మొక్క నుంచే దొరికాయి. కానీ మోతాదులు వేరు. విన్‌క్రిస్టిన్‌ను సాధారణంగా ఒక విడతకు 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. విన్‌బ్లాస్టిన్ మోతాదు లెక్కన దాన్ని ఇస్తే ప్రాణాంతకం. నొప్పులకు వాడే సెలబ్రెక్స్, మానసిక కుంగుబాటుకు వాడే సెలెక్సా, మూర్ఛకు వాడే సెరిబిక్స్ పేర్లు కూడా ఇలాగే పొరపాటుకు తావిచ్చినవే. అమెరికాలో కడుపులో ఆమ్లం తగ్గించే లోసెక్ అనే మందును, ఒంట్లో నీరు తీసే లాసిక్స్ అనుకుని పొరబడడంతో 1990లో దాని పేరునే ప్రిలోసెక్ అని మార్చారు. 2001 నుంచి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇంకో పద్ధతి కూడా ప్రోత్సహించింది: జంట పేర్లలో తేడా ఉన్న భాగాన్ని మాత్రమే క్యాపిటల్ అక్షరాల్లో అచ్చువేయడం. విన్‌బ్లాస్టిన్‌లో 'బ్లాస్', విన్‌క్రిస్టిన్‌లో 'క్రిస్' పెద్దవిగా కనిపిస్తాయి. ఒకేలా ఉన్న భాగం వెనక్కి తగ్గి, తేడా ముందుకొస్తుంది.

నేర్చుకునేవారు తమ నోటు పుస్తకంలో చేయాల్సింది కూడా ఇదే. పోలికను కాదు, తేడాను పెద్దగా రాసుకోవాలి. ఇంకా మంచిది, రెండింటినీ ఒకేరోజు నేర్చుకోకుండా ఉండడం. రూపంలో దగ్గరగా ఉండి తికమకపెట్టే మాటలకు భాషా పరిశోధకురాలు బాటియా లాఫర్ 1980లలో సిన్‌ఫామ్స్ అని పేరు పెట్టి, అవి ఎన్ని రకాలో వర్గీకరించింది. 1990లలో టింకమ్, వేరింగ్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో, అర్థంలో బాగా దగ్గరి మాటలను ఒకే గుంపుగా నేర్చుకున్నవారికి, సంబంధం లేని మాటలు నేర్చుకున్నవారికంటే ఎక్కువ ప్రయత్నం అవసరమైంది. పదజాల బోధన మీద ఎంతో రాసిన పాల్ నేషన్ కూడా, దగ్గరి మాటల్లో ఒకటి బాగా స్థిరపడ్డాకే రెండోదాన్ని పరిచయం చేయమంటాడు. రెండూ కొత్తవే అయినప్పుడు పక్కపక్కన పెడితే మెదడులో ఒకదానికొకటి అడ్డుపడతాయి. 'ఏదో ఒకటి ఎ, ఇంకోటి ఇ' అన్నంతవరకే గుర్తుంటుంది. ఏది ఏదో గుర్తుండదు. వంద జంటల పట్టికలు చేసే హాని ఇదే.

మాటను ఒంటరిగా కాకుండా అది ఎప్పుడూ తిరిగే తోడుతో కలిపి పట్టుకుంటే నిలుస్తుంది. సైడ్ ఎఫెక్ట్, సౌండ్ ఎఫెక్ట్ అని రోజూ అంటూనే ఉంటాం, నామవాచకానికి 'ఇ' అని వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 'సూనర్ ఆర్ లేటర్' నోటికి వస్తే ఒక 'టి'ది కాలానికి సంబంధించినదని తెలుస్తుంది, రెండు 'టి'లది రెండింటిలో రెండోదాన్ని చెప్పే మాట అని తేలిపోతుంది. ఇంకో పని ఉంది, దానికి అరగంట చాలు. పాత మెయిళ్లు, రాతలు తెరిచి సొంత తప్పులు వెతుక్కోవడం. అందరికీ అన్ని జంటలూ సమస్య కాదు. ఒక్కొక్కరిని వేధించేవి నాలుగైదే ఉంటాయి, మళ్లీ మళ్లీ అవే. పంపేముందు ఆ నాలుగైదింటినే వెతికి చూసుకుంటే తొంభైఐదు జంటల టెన్షన్ అక్కర్లేదు.

కొన్ని జంటలకు మాత్రం ఏ చిట్కా లేదు. పడుకోవడం అనే లై, పెట్టడం అనే లే వేర్వేరు క్రియలు. పడుకోవడానికి భూతకాల రూపం కూడా 'లే'యే. అంటే ఒకదాని నిన్నటి రూపం, ఇంకోదాని నేటి రూపం ఒకటే. మాతృభాషీయుల మాటల్లో ఈ తేడా చాలావరకు చెరిగిపోయింది, రాతలోనే కాపాడుకుంటున్నారు. విచారణ అనే మాటను 'ఇ'తో మొదలుపెట్టాలా 'ఐ'తోనా అన్నదానికి కూడా అంత ప్రాముఖ్యం లేదు, ఎలా రాసినా ఎవరూ తప్పుగా అర్థం చేసుకోరు. వీటి కోసం నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. ప్రిస్క్రైబ్ అంటే వాడమని రాసివ్వడం, ప్రోస్క్రైబ్ అంటే నిషేధించడం. ఇక్కడ తడబడితే అర్థం తలకిందులవుతుంది కాబట్టి ఇలాంటివాటి మీద శ్రద్ధ పెట్టాలి.

అర్థం తలకిందులయ్యే ప్రమాదం ఉన్న చోట భాషే మారిన సందర్భం కూడా ఉంది. ఇన్‌ఫ్లేమబుల్ అంటే తేలిగ్గా అంటుకునేది. మొదట్లో ఉన్న 'ఇన్' ఇక్కడ 'లోపల' అనే అర్థంలో వచ్చింది, 'కాదు' అనే అర్థంలో కాదు. కానీ చదివేవారిలో కొందరు దాన్ని 'అంటుకోనిది' అనుకునే ప్రమాదం ఉంది. పెట్రోలు పీపా మీద ఆ మాట చూసి ఒకరు అలా అనుకున్నా చాలు. అందుకే 1920లలో అమెరికాలోని జాతీయ అగ్ని రక్షణ సంఘం ఆ 'ఇన్' తీసేసి ఫ్లేమబుల్ అని మాత్రమే రాయమని పట్టుబట్టింది. పండితులు పాత మాటే సరైనదని వాదించొచ్చు. కానీ ట్యాంకర్ల మీద, డబ్బాల మీద ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఫ్లేమబులే, అంటుకోనిదానికి నాన్‌ఫ్లేమబుల్ అని వేరే మాట రాస్తారు.